ఆవిడ తరఫు మనిషిని

అమెరికా నర్సింగ్ హోముల్లో ఉండే పెద్దవాళ్ల తరఫున మాట్లాడటానికి నా దగ్గర సర్టిఫికెట్ ఉంది. మెడలో వేసుకోవడానికి బ్యాడ్జీ కూడా ఇచ్చారు. నా ఫొటో, దాని కింద ‘లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్, వాలంటీర్’ అన్న అక్షరాలు. రిటైరైన కొత్తలో వంటింటి డబ్బాలన్నిటికీ లేబుళ్లు అతికించడం మొదలుపెడితే, మా ఆవిడ భరించలేక ఈ శిక్షణ ప్రకటన ఎక్కడినుంచో వెతికి నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత నేను చేసిన ఘనకార్యాలకు ఆవిడ బాధ్యురాలు కాదు.

ఈ ఏర్పాటు గురించి ఇక్కడున్న మనవాళ్లకే సరిగ్గా తెలియదు. 1972లో అయిదు రాష్ట్రాల్లో ప్రయోగంగా మొదలైంది. 1978లో వృద్ధుల చట్టాన్ని సవరించి, ప్రతి రాష్ట్రంలోనూ ఉండి తీరాలన్నారు. జీతం తీసుకునేవాళ్లు కొందరే ఉంటారు, మిగతా అంతా నాలాంటి ఖాళీ మనుషులు. మేం ఇన్‌స్పెక్టర్లం కాము. జరిమానా వెయ్యలేం, లైసెన్సు పీకించలేం. వెళ్లి తలుపు కొట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, కూర్చుని వింటాం. అన్నం చల్లగా పెడుతున్నారనో, గంట నొక్కితే గంటకి గానీ ఎవరూ రారనో చెప్తారు. చెప్పినవాళ్లు సరేనంటేనే ఆ మాట యాజమాన్యం దాకా తీసుకెళ్తాం. వద్దంటే కొడుక్కి కూడా చెప్పకూడదు. రెసిడెంట్ ఏది కోరితే అదే మా పని. ఆమెకి ఏది మంచిదో మనకు తోచింది మన పని కాదు. ఈ వాక్యం కింద నేను ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. నోట్సు ఇప్పటికీ ఉంది.

36 గంటల శిక్షణలో డిమెన్షియా భాగం వచ్చేసరికి నేను విజృంభించాను. జీవితమంతా ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి, లెక్కలు చెప్తే చాలు అతుక్కుపోతాయి. జబ్బు ముదిరేకొద్దీ పక్కచూపు తగ్గుతుంది కాబట్టి వెనకనుంచో పక్కనుంచో వెళ్లి భుజం మీద చెయ్యి వెయ్యకూడదు, ఎదురుగా వెళ్లి కళ్ల ఎత్తుకి కూర్చోవాలి అన్నారు. ఒక్కసారి ఒకే మాట అడగాలి, అడిగాక ఊరుకోవాలి, జవాబు లోపలినుంచి రావడానికి టైం పడుతుంది అన్నారు. ‘నేను గుర్తున్నానా’ అని పరీక్ష పెట్టకూడదు. కసిరినా, తోసినా, అరిచినా దాని వెనక ఏదో తీరని అవసరం ఉంటుంది: నొప్పి, ఆకలి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, విసుగు, భయం. మాట రానివాళ్ల నొప్పి కొలవడానికి ‘పెయినాడ్’ అని ఒక కొలత ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒళ్లు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ అయిదూ చూసి సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. బ్రిటన్‌లో టామ్ కిట్‌వుడ్ అనే ఆయన 1997లో రాసిన పుస్తకం గురించి కూడా చెప్పారు. జబ్బు కన్నా ముందు మనిషిని చూడమన్నది ఆయన వాదన.

నేను ఊరుకుంటానా? చెయ్యెత్తి, మా హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన సంగతి చెప్పాను. రెండు భాషలు వచ్చినవాళ్లలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది కదా. చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. క్లాసంతా నావైపు చూసింది. ఆ చూపు నాకు చాలా నచ్చింది. చివరి పరీక్షలో నూటికి నూరు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అతికించాను. అదొక్కటీ మా ఆవిడ పీకలేదు.

మొదటిసారి బోర్లా పడటం బూట్ల దగ్గర జరిగింది. ఒకప్పుడు స్కూల్లో పాఠాలు చెప్పిన ఒక అమెరికన్ పెద్దావిడ, ‘రాత్రిపూట నా బూట్లు ఎత్తుకుపోతున్నారు’ అంది. నా బుర్రలో వెంటనే పేజీ తెరుచుకుంది: వస్తువులు పోయాయని అనుమానించడం ఈ జబ్బులో మామూలే, వాదించవద్దు, మెల్లగా మాట మళ్లించండి. మళ్లించాను. ఆవిడ స్కూలు కబుర్లు చెప్పించుకుని, ఎంత చక్కగా పని చేశానో అనుకుంటూ ఇంటికొచ్చాను. ఒకరోజు సాయంత్రం మా కార్యక్రమంలో పనిచేసే సీనియర్ ఒకామె అక్కడికి వెళ్తే, నర్సుల గది అలమరలో ఆ బూట్లు కనిపించాయి. రాత్రి ఆవిడ లేచి తిరగకుండా డ్యూటీవాళ్లు రోజూ తీసి దాచేవారట. సిబ్బందికి సులువవుతుందని మనిషిని కట్టిపడెయ్యకూడదని 1987 నాటి చట్టం. తాళ్లతో కట్టలేదు, నిజమే. బూట్లు తీసేస్తే చాలు కదా. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేను జబ్బుని విన్నాను.

దీంతో బుద్ధి రావాలి. రాలేదు. ఇదేదో నర్సింగ్ హోము తప్పుగానే లెక్కేసుకున్నాను.

అసలు కథ మన తెలుగావిడది. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. గోదావరి లంకల్లో పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. ఇంట్లో రెండుసార్లు స్టవ్ వెలిగించి మర్చిపోయాక, చలికాలంలో ఒక రాత్రి చెప్పులు లేకుండా బయటికి వెళ్లిపోయాక, కొడుకు గుండె రాయి చేసుకుని మెమొరీ కేర్ ఉన్న నర్సింగ్ హోములో చేర్చాడు. ఆవిడకు ముందు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ పోయాయి. ఆ భవనం మొత్తంలో ఆవిడ మాట అర్థమయ్యేది నాకొక్కడికే. నా దర్జా ఊహించుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు శిక్షణలో చెప్పినట్టే ఎదురుగా వెళ్లాను, మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండోసారి వెళ్లినప్పుడు ఉత్సాహం ఆపుకోలేక, “అమ్మా, నేను గుర్తున్నానా?” అనేశాను. “ఎందుకు గుర్తులేవు బాబూ, కూర్చో, కాఫీ తాగుతావా?” అంది. ఆవిడకు నేనెవరో తెలీదు. ఇంటికి వచ్చినవాణ్ణి చిన్నబుచ్చకూడదన్న మర్యాద మాత్రం చెక్కుచెదరలేదు. నేను అది చూసి, నన్ను గుర్తుపట్టేసిందని నోట్సులో రాసుకున్నాను.

ఆవిడ మెడలో తులసిమాల ఉండేది. నుదుట బొట్టు. పొద్దున్నే ఏవో నామాలు గొణుక్కుంటూ ఉండేది. మాది కర్నూలు జిల్లాలో మడీ ఆచారం ఉన్న ఇల్లు. తులసిమాల చూస్తే నాకు మరో ఆలోచన రాదు. అక్కడ ఆవిడకు ఏదో మాంసం ముక్క వేసిన సూపు పెట్టారని తెలిసి నా ఒళ్లు మండింది. కొడుకు ఫోన్ చేసి, “కేర్ ప్లాన్ మీటింగ్ ఉంది, మన పద్ధతులు మీరైతే బాగా చెప్పగలరు” అన్నాడు. ఎగిరి వెళ్లాను. రెసిడెంట్ పిలిస్తే మేం మీటింగుకి వెళ్లాలి. నన్ను పిలిచింది కొడుకు. ఆవిడ ఆ సమయంలో హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ గదికీ ఈ గదికీ మధ్య పదడుగులుండవు.

డైటీషియన్, నర్సు, సోషల్ వర్కర్ ముందు నేను ఉపన్యాసం దంచాను. మా సంస్కృతి, మా ఆహారం, సాత్వికం, ఉల్లీ వెల్లుల్లీ. రెసిడెంట్ మతానికీ సంస్కృతికీ తగిన భోజనం పెట్టాలని కేంద్ర నిబంధనల్లోనే ఉందని కూడా గుర్తు చేశాను. అది నిజమే, ఉంది. వాళ్లు భయభక్తులతో రాసుకున్నారు. స్పీకర్ ఫోనులో కొడుకు కాదనలేదు. ఆయన కొన్నేళ్ల కిందట ఒక గురువుగారి దగ్గర దీక్ష తీసుకుని మాంసాహారం మానేశాడు, ఇంటిల్లిపాదీ మానేశారు, ఆ తులసిమాల కూడా ఆ గురువుగారిచ్చిందే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆయన్ని తప్పు పట్టను. తనకు దొరికిన మంచిదేదో తల్లి మెడలో కూడా ఉండాలనుకున్నాడు. ఆ రోజు ఆవిడ ట్రే కార్డు మీద పెద్దక్షరాలతో ‘ప్యూర్ వెజ్’ అని పడింది. పూర్తి విజయం.

ఆ తర్వాత ఆవిడ తినడం తగ్గించింది. ఉడికించిన క్యారెట్టు, గుజ్జు చేసిన బంగాళాదుంప, పప్పు పేరుతో ఏదో పసుపు నీళ్లు. ట్రే తోసేసేది. తినిపించబోయిన నర్సింగ్ ఎయిడ్ చేతి మీద ఒకసారి కొట్టింది. భోజనాల హాల్లో పక్కవాళ్ల ప్లేట్లలో చెయ్యి పెట్టి లాక్కునేది. చార్టులో ‘బిహేవియర్స్’ అన్న శీర్షిక కింద ఇవన్నీ వరసగా చేరాయి. బరువు తగ్గింది. డాక్టరు గారు చిన్న మోతాదులో క్విటయాపిన్ అనే యాంటీసైకోటిక్ మందు మొదలుపెడదామన్నారు.

ఇక నన్నెవరు ఆపగలరు? ఆ మందుల జాతి గురించి నాకు కంఠతా వచ్చు. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లకి వాటిని ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని 17 పరీక్షల ఫలితాలు చూసి ఎఫ్‌డీఏ 2005లో నల్లపెట్టె హెచ్చరిక వేయించింది. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే 1.6 నుంచి 1.7 రెట్లు. 2008లో పాత తరం మందులకీ అదే హెచ్చరిక. 2011 చివర్లో అమెరికా నర్సింగ్ హోముల్లో ఎక్కువకాలం ఉండేవాళ్లలో 23.9 శాతం మందికి ఇవి ఇస్తున్నారని తేలి, మరుసటి ఏడాది ప్రభుత్వం జాతీయస్థాయి కార్యక్రమమే పెట్టింది. అదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ముందు కారణం వెతకండి, మందు తర్వాత అన్నాను. డాక్టరు సరేనన్నారు.

ఇందులో ఒక్క మాట కూడా తప్పు లేదు. అందుకే ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

కారణాల వేట మొదలైంది. మూత్రపరీక్ష, బాగానే ఉంది. కట్టుడు పళ్లు, సరిగ్గానే కూర్చున్నాయి. పెయినాడ్, సున్నా. మలబద్ధకం లేదు. భోజనాల హాల్లో గోల ఎక్కువేమోనని కిటికీ దగ్గర వేరే టేబుల్ వేయించాను. ఎర్ర ప్లేటులో తిండి బాగా కనిపిస్తుందని ఎక్కడో చదివి ఎర్ర ప్లేటు తెప్పించాను. ఎర్ర ప్లేటులో క్యారెట్టు! పక్కవాళ్ల ప్లేట్లలో చెయ్యి పెట్టడం గురించి సోషల్ వర్కర్ అడిగితే, “మెదడు ముందుభాగం దెబ్బతింటే సంకోచం పోతుంది, ఇది దాని లక్షణం” అని వివరించాను. ఆమె కూడా నోట్సు రాసుకుంది, పాపం.

ఆ రోజుల్లోనే, జులైలో, ఎప్పుడు వెళ్లినా ఆవిడ నన్నొకటి అడిగేది: “ఎర్రనీరు వచ్చిందా బాబూ?”

ఊహాలోకంలోకి వెళ్లినవాళ్లని కాదనవద్దు, ఆ భావం పట్టుకుని కబుర్లు చెప్పించమన్నారు కదా. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, “గోదావరి గురించి చెప్పండమ్మా” అనేవాణ్ణి. చెప్పేది. రేవు, పడవలు, వరదలో కొట్టుకొచ్చే దుంగలు, తెల్లారకముందే రేవు దగ్గర మూగే జనం. నేను కళ్లు చెమర్చుకుని ‘బాల్యం, నది, ఇంటి మీద బెంగ’ అని రాసుకునేవాణ్ణి. మా కర్నూల్లో కూడా తుంగభద్ర ఉంది. వరదొస్తే మేం చూసి ఇంటికెళ్లి పప్పన్నం తింటాం. గోదావరివాడెవడైనా సరే, అయిదో క్లాసు పిల్లవాడైనా సరే, ఆ ప్రశ్న వింటే ఎగిరి గంతేసేవాడు. ఎర్రనీరు దిగిందంటే సముద్రంలోంచి పులసలు ఏటికి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే కాలం. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత పుట్టించిన జిల్లాల మనిషి, భోజనం ముందు పెట్టుకుని, తన భాష తెలిసిన ఒకే ఒక్కణ్ణి చూసి, పులసల కాలం వచ్చిందా అని అడుగుతోంది. నేను బాల్యం అని రాసుకున్నాను.

బయటపెట్టింది ఫిలిప్పీన్స్‌నుంచి వచ్చిన ఎయిడ్. చేతి మీద దెబ్బ తిన్నది ఆ అమ్మాయే. తెలుగు ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం. శుక్రవారం చేపలు వండే అలవాటు ఇక్కడ చాలా వంటశాలల్లో ఉంది, క్యాథలిక్కులు శుక్రవారాలు మాంసం మానే రోజుల నాటిది. ఆ అమ్మాయి నన్ను వరండాలో ఆపి చెప్పింది: ఈవిడ పక్క ప్లేట్లలో చెయ్యి పెట్టేది శుక్రవారాలే ఎక్కువ. చికెన్ రోజున ముట్టదు. నా డబ్బాలో నేను తెచ్చుకున్న ఎండు చేప వాసన వస్తే స్టాఫ్ రూం తలుపు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. “షీ లైక్స్ ఫిష్” అంది. కార్డు మీద ప్యూర్ వెజ్ అని ఉంది కాబట్టి పెట్టడానికి భయపడ్డానంది. ఎవరు రాయించారో ఆ అమ్మాయికి తెలీదు. నేను చెప్పలేదు. ఆ పిరికితనం కూడా ఇక్కడ నమోదు కావాలి.

అప్పటికి గానీ నాకు తట్టలేదు, ఇన్నాళ్లలో నేను ఆవిణ్ణి ఒక్కసారి కూడా ‘ఏం తింటారమ్మా’ అని అడగలేదని. గోదావరి అడిగాను, భర్త పేరు అడిగాను, నేను గుర్తున్నానా అని అడిగాను. అడగాల్సిన భాష నా ఒక్కడికే ఉండీ.

ఆ తర్వాతి శుక్రవారం, ఆవిడ తెలివిగా ఉండే పొద్దుటి పూట వెళ్లి, కబుర్లు లేకుండా అడిగాను. తర్వాత భోజనం టైంకి డైటీషియన్‌ని పక్కన పెట్టుకుని రెండు ప్లేట్లు ముందు పెట్టించాను. మాటల్లో తేల్చుకోలేనివాళ్లకి కళ్ల ముందు పెట్టి చూపించమని శిక్షణలో చెప్పిందే. ఆవిడ ఒక ప్లేటు పక్కకి జరిపింది, చేప ఉన్నది దగ్గరికి లాక్కుంది. ముక్క నోట్లో పెట్టుకుని నావైపు చూసి, “ఇదేం చేపరా, ఉప్పూ లేదు కారమూ లేదు, చప్పిడి. వండినదెవరు?” అంది. ముల్లు ఉందేమోనని వేళ్లతో విడదీసుకుంటూనే మొత్తం తినేసింది. ఇక్కడి చేపల్లో ముల్లు ఉండదని చెప్పాను. ముల్లు లేని చేప చేపేనా అన్నట్టు చూసింది.

కార్డు మార్చడానికి ఆవిడ ఒప్పుకోలు కావాలి. ఈసారి అడిగాను. సరేనంది. మీ అబ్బాయికి చెప్పనా అన్నాను. ముద్ద ఆగింది.

“వాడికి చెప్పకు బాబూ. బాధపడతాడు.”

ఎవరు తినకూడదన్నారో, ఎవరికి బాధో, ఎందుకో అన్నీ తెలుసు ఆ మనిషికి. పొద్దున ఏం తిందో గుర్తులేకపోవచ్చు. ఒప్పుకోలు మారిందేమోనని మళ్లీ రెండు వేర్వేరు రోజుల్లో అడిగాను. అదే జవాబు, మాట కూడా మారలేదు.

బరువు మెల్లగా పెరిగింది. ట్రే తోయడం తగ్గింది, పూర్తిగా పోలేదు. క్యారెట్ల విషయంలో ఆవిడ అభిప్రాయం మారలేదు. బంగ్లాదేశీ వాళ్ల కొట్లో ఇలిష చేప గడ్డకట్టించి అమ్ముతారు. అది మన పులస జాతే, గోదావరి నీళ్లు మాత్రం తాగి ఉండదు. మా ఇంట్లో చేప వండే ప్రశ్నే లేదు గనక ఒక స్నేహితుడి భార్యని బతిమాలాను. బయటి తిండికి అక్కడ ఒక పద్ధతుంది. డబ్బా మీద తేదీ రాసి, నర్సుకి చూపించి, ముళ్లన్నీ ఏరించి పెట్టాను. “మొన్నటిదా? నిన్నటిదా?” అని అడిగింది. పులస కూర వండిన మర్నాడు తింటేనే రుచట. నాకేం తెలుసు.

పోయిన వారం కొడుకు ఫోన్ చేశాడు. గొంతు నిండా సంతోషం. అమ్మ ఒళ్లు చేసింది, మొహం తేటపడింది, కొట్టడాలూ లాక్కోవడాలూ లేవని నర్సు చెప్పింది. “అంతా మీ చలవేనండీ. ఆ రోజు మీటింగులో మన సాత్వికాహారం గురించి మీరు అంత గట్టిగా చెప్పబట్టే కదా” అన్నాడు. మా గురువుగారికి కూడా చెప్పాను, మిమ్మల్ని ఒకసారి సత్సంగానికి తీసుకురమ్మన్నారు అన్నాడు.

నిబంధన ప్రకారం నేను అనగలిగిన మాట ఒక్కటే. “అమ్మగారినే అడగండి, ఏం తినాలనుందో” అన్నాను. “మీ వినయం” అన్నాడు.

కేర్ ప్లాన్ మీటింగ్ మూడు నెలలకోసారి వస్తుంది. వచ్చే నెలలో ఉంది. కొత్త కార్డు బల్ల మీద ఉంటుంది. ఈసారి నేను ఆ గదిలో ఉండాలా వద్దా అన్నది ఆవిడ చెప్పాలి. మంగళవారం పొద్దున్న వెళ్లి అడుగుతాను.